గౌను తీసేశాక: ట్రయల్ జడ్జి మీడియేటర్‌గా మారడం ఎలా

మీడియేటర్‌గా నా మొదటి కేసును 40 నిమిషాల్లో చెడగొట్టాను. ఇద్దరు అన్నదమ్ములు, తండ్రి పెట్టిన చిన్న వర్క్‌షాపు, లెక్కల్లో తేడా. 26 ఏళ్లు ట్రయల్ కోర్టులో కూర్చుని వచ్చినదాన్ని, కాగితాలు తిరగేయగానే ఎవరి వాదన నిలబడుతుందో తెలిసిపోయింది. తెలిసింది కదా అని ఇద్దరి ఎదుటా చెప్పేశాను. "రెండో ఏడాది లెక్కలకు మీ దగ్గర ఆధారం లేదు, ఆ భాగం కోర్టులో నిలవదు" అన్నాను. తమ్ముడు ఫైలు సర్దుకుని లేచాడు. "ఆ మాటేదో కోర్టులోనే చెప్పించుకుంటాను మేడమ్. అక్కడైతే అప్పీలైనా ఉంటుంది" అని వెళ్లిపోయాడు.

నేను చెప్పినదాంట్లో తప్పు లేదు. ఇప్పుడా ఫైలు చూసినా అదే అంటాను. కానీ ఆ గదిలో నన్ను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు.

ఇది జరిగి తొమ్మిదేళ్లయింది. రిటైర్మెంట్ దగ్గరపడిన జడ్జీలు అప్పుడప్పుడు ఫోన్ చేసి ఎలా మొదలుపెట్టాలని అడుగుతుంటారు. ఇన్నేళ్లూ చేసింది ఇదేగా, కొత్తగా నేర్చుకునేదేముంది అన్న ధీమా వాళ్ల గొంతులో వినిపిస్తుంటుంది. నాకూ ఉండేది. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకంటే ఒకచోట రాసిపెట్టడం నయమనిపించింది.

మనం చేసిందీ ఇదీ ఒకటి కాదు

మధ్యవర్తి అనే మాటను మనం రెండు వేర్వేరు పనులకు వాడేస్తాం. ఆర్బిట్రేటర్ సాక్ష్యం విని అవార్డు, అంటే తీర్పులాంటి నిర్ణయం, ఇస్తాడు, దానికి ఇరుపక్షాలూ కట్టుబడాలి. మీడియేటర్ ఏదీ తేల్చడు. ఒప్పుకోవడమైనా లేచి వెళ్లిపోవడమైనా కక్షిదారుల ఇష్టం. మాజీ జడ్జి ఎదురుగా కూర్చుంటే మాత్రం వాళ్లకు ఈ తేడా గుర్తుండదు. "మీ తీర్పు ఎప్పుడొస్తుంది మేడమ్?" అని మూడో గంటలో కూడా అడిగినవాళ్లున్నారు. అందుకని తీర్పు నా దగ్గర లేదని మొదటి ఫోన్‌లో ఒకసారి, గదిలో కూర్చున్నాక ఇంకోసారి చెబుతాను.

"బయట కూర్చుని మాట్లాడుకు రండి" అని వాయిదా వేసిన రోజులు మనందరికీ ఉన్నాయి. చాలాసార్లు రాజీపడే వచ్చేవాళ్లు. దాన్ని మీడియేషన్ అనుభవం కింద లెక్క వేసుకోకండి. రేపు తీర్పు రాసే చెయ్యి మనదేనన్న భయం వాళ్లను కదిలించింది. ఆ భయం తీసేశాక మీ మాటకు ఎంత బలం మిగులుతుందో ఇప్పుడు తెలుస్తుంది.

ఈ దారిలో మనకంటే ముందు నడిచినవాళ్లున్నారు. 1976లో అమెరికాలోని సెయింట్ పాల్‌లో జరిగిన పౌండ్ కాన్ఫరెన్స్‌లో హార్వర్డ్ ప్రొఫెసర్ ఫ్రాంక్ శాండర్ ఒక మాట లేవనెత్తాడు. ప్రతి తగవునూ ట్రయల్ అనే ఒక్క తలుపు గుండానే పంపనక్కర్లేదని, దాని తీరును బట్టి ఆర్బిట్రేషన్‌కో మీడియేషన్‌కో దారి చూపవచ్చని దాని సారాంశం. మూడేళ్లకు, 1979లో, కాలిఫోర్నియాలో వారెన్ నైట్ అనే రిటైర్డ్ ట్రయల్ జడ్జి జామ్స్ అనే సంస్థ పెట్టాడు. తగవుల పరిష్కారంలో ఇవాళ పేరున్న పెద్ద ప్రైవేటు సంస్థల్లో అదొకటి. అంటే రిటైరైన జడ్జికి ఈ పనిలో చోటుందని రుజువై 40 ఏళ్లు దాటింది. చోటు ఉంది కాబట్టి పని కూడా వచ్చేసినట్టేనని అనుకోవడంతోనే వస్తుంది చిక్కు.

మొదలుపెట్టే ముందు

రిటైరైన మర్నాడే బోర్డు పెట్టకండి. ముందు మీ సర్వీసు నిబంధనలు, స్థానిక చట్టం చదవండి. రిటైరయ్యాక ఏ పని చేయవచ్చు, ఎంతకాలం ఆగాలి అన్నది ఒక్కోచోట ఒక్కో రకంగా ఉంటుంది. మీ కోర్టులో ఒక్క వాయిదా నడిచిన కేసయినా సరే తీసుకోవద్దు. ఇరుపక్షాలూ సంతకం పెట్టి మరీ ఒప్పుకున్నా నేను తీసుకోను. అలాగే ఇరుపక్షాల లాయర్లలో ఎవరితోనైనా పాత స్నేహం ఉంటే ముందే రాసి ఇవ్వండి. మనకు చిన్న సంగతే. రెండో పక్షానికి అది తర్వాతెప్పుడో తెలిస్తే మాత్రం కుదిరిన ఒప్పందం కూడా అనుమానంగా కనిపిస్తుంది.

తర్వాత శిక్షణ. ప్రాథమిక శిక్షణ చాలాచోట్ల 40 గంటలుంటుంది. వెళ్లండి. అందులో సగం నాటకాలే: ఒకరు వాది, ఒకరు ప్రతివాది, ఒకరు మీడియేటర్. నాకు మహా చిరాకేసింది, నిజం చెప్పాలంటే సిగ్గేసింది కూడా. వాది వేషం వేసిన రోజు మాత్రం ఒకటి తెలిసొచ్చింది. మీడియేటర్ వేషంలో ఉన్న కుర్ర లాయర్ నా మాట పూర్తికాకుండానే "అర్థమైంది" అన్నాడు. ఒళ్లు మండింది. బెంచి మీద ఆ మాట నేనెన్ని వేలసార్లు అనుంటానో.

శిక్షణ అయ్యాక కనీసం పది కేసులకు ఎవరైనా అనుభవజ్ఞుల పక్కన కూర్చోండి. జడ్జిగా పనిచేయని మీడియేటర్ అయితే మరీ మంచిది. నాకు దొరికినావిడ కుటుంబ తగాదాల కౌన్సెలర్. చట్టం పెద్దగా తెలియదు. కానీ గదిలో ఎవరు ఎవరి వైపు చూడకుండా మాట్లాడుతున్నారో ఆవిడకు తెలుస్తుంది.

మర్చిపోవాల్సిన అలవాట్లు

ఇదే అన్నింటికంటే కష్టం. కొన్ని పైపైవి: ఎత్తైన కుర్చీ, బల్లకు తల వైపున కూర్చోవడం, కళ్లద్దాల మీంచి చూడటం. గుండ్రటి బల్ల ఉంటే చాలావరకు అవే పోతాయి.

ప్రశ్న అడిగే తీరు మారడానికి నాకు రెండేళ్లు పట్టింది. జడ్జి అడిగే ప్రశ్న సాక్ష్యం కోసం. ఏ తారీఖున, ఎవరి ఎదుట, రసీదు ఉందా, అవునా కాదా. అలా అడిగితే మనిషి బోనెక్కినట్టు బిగుసుకుపోతాడు. "ఎందుకు" అన్న మాట కూడా మన నోట వస్తే సంజాయిషీ అడిగినట్టే ఉంటుంది. దాని బదులు "ఈ గొడవ తేలిపోయిందనుకోండి, మర్నాడు పొద్దున మీకు ఏం మారుతుంది?" అని అడగడం నేర్చుకున్నాను. మొదటి జవాబు డబ్బు గురించే వస్తుంది. ఆగండి. రెండోది, మూడోది వేరేగా ఉంటాయి.

మేరీ పార్కర్ ఫాలెట్ అనే ఆలోచనాపరురాలు 1920లలో తన సొంత అనుభవం ఒకటి చెప్పింది. లైబ్రరీలో ఆమె ఉన్న గదిలో ఒకరు కిటికీ తెరవాలన్నారు, ఆమె మూసే ఉంచాలంది. పక్కగది కిటికీ తెరిచారు. అవతలి మనిషికి కావాల్సింది గాలి, ఆమెకు అక్కర్లేనిది సూటిగా తనమీదకొచ్చే చల్లగాలి. జడ్జిగా నా ముందుకొస్తే నేను కిటికీ తెరవమని ఆర్డరు వేసేదాన్ని, లేదా పిటిషన్ కొట్టేసేదాన్ని. పక్కగది నా కోర్టు పరిధిలో లేదు మరి. మీడియేటర్‌కు ఆ పరిధి ఉండదు. దావాలో లేనిదాన్ని కూడా బల్ల మీదకు తేవచ్చు.

మౌనం ఇంకో సంగతి. కోర్టులో నిశ్శబ్దం అంటే టైము వృథా, వెంటనే "తర్వాత?" అంటాం. ఇక్కడ కాస్త ఓర్చుకోవాలి. నేను మనసులో పది అంకెలు లెక్కపెట్టుకుంటాను. అసలు మాట ఏడెనిమిది దగ్గర వస్తుంది.

ఫైలు చదివే ముందు ఫోన్ చేయండి

నిర్ణయించిన రోజుకు వారం ముందు ఇరుపక్షాల లాయర్లతో విడివిడిగా ఓ 20 నిమిషాలు మాట్లాడండి. ఐదు పేజీలు మించకుండా ఒక నోటు, ముఖ్యమైన కాగితాలు చాలు. మొత్తం ఫైలు చదివితే తీర్పు రాసే బుద్ధి దానంతటదే లేస్తుంది, నాకైతే ఖాయంగా లేస్తుంది.

ఫోన్‌లో నాకు కావాల్సింది చట్టం కాదు. ఒప్పుకోవడానికి అధికారం ఎవరి చేతిలో ఉంది? ఆ మనిషి గదిలో ఉంటాడా? కంపెనీ అయితే సంతకం పెట్టగలవాడు రావాలి, "పైవాళ్లను అడిగి చెబుతా" అనేవాడు వస్తే ఆ రోజు పోయినట్టే. వ్యక్తులైతే, ఇంట్లో ఎవరి మాట కాదని వీళ్లు సంతకం పెట్టలేరో కనుక్కోండి. ఒక కేసులో రాత్రి ఎనిమిదింటికి అంతా కుదిరింది. ఆ వాది భోజనానికని బయటికెళ్లి పెద్దకొడుకుతో ఫోన్లో మాట్లాడి తిరిగొచ్చి "వద్దు" అన్నాడు. ఆ కొడుకు పేరు అంతవరకు నా నోట్సులో లేదు.

ఇంతకుముందు ఎంత వరకు బేరం నడిచింది, ఎక్కడ ఆగింది, ఏ మాట అనడం వల్ల ఆగింది అనేవి కూడా అడగండి. మూడో ప్రశ్నకు లాయర్లు నవ్వి, తర్వాత నిజం చెబుతారు.

విడి గదుల పని

అందరం కలిసి కూర్చునే మొదటి సమావేశం నేను చిన్నదిగా ఉంచుతాను. నా పరిచయ మాటలు నాలుగు నిమిషాలు: నేను తీర్పు ఇవ్వను, ఇక్కడి మాటలు బయటికి వెళ్లవు, ఎవరైనా ఎప్పుడైనా లేవవచ్చు. తర్వాత ఇరుపక్షాలూ తలొకసారి మాట్లాడతారు. మొహాలు చూసుకోలేనంత కోపం ఉంటే అది కూడా పెట్టను.

అసలు పని విడివిడిగా మాట్లాడేటప్పుడు జరుగుతుంది. ఇది జడ్జికి పూర్తిగా కొత్త. ఒక పక్షంతో రెండో పక్షం లేకుండా మాట్లాడటమంటే మనకు ఇన్నేళ్లూ పాపం కింద లెక్క. మొదట్లో తలుపు మూస్తుంటే ఏదో తప్పు చేస్తున్నట్టే ఉండేది నాకు. ఆ ఇబ్బంది పోతుంది. పోయాక అసలు ప్రమాదం మొదలవుతుంది: ఏ గదిలో విన్న మాట ఏ గదిలో అనవచ్చో కలగలిసిపోతుంది.

దానికి నా పద్ధతి రెండు రంగుల పెన్నులు. విన్నదంతా నీలంలో రాస్తాను. బయటికొచ్చే ముందు "ఇందులో అవతలివాళ్లకు ఏవి చెప్పవచ్చు?" అని అడిగి, ఒప్పుకున్నవాటి కింద ఎర్రగీత గీస్తాను. రెండో గదిలో ఎర్రగీత ఉన్నవే నా నోట రావాలి. ఒకసారి అలసటలో గీత లేని అంకె సగం పలికి ఆపుకున్నాను. అవతలి లాయర్ మిగతా సగం ఊహించేశాడు. లేచి మొదటి గదికి వెళ్లి జరిగింది చెప్పి క్షమాపణ అడిగాను. కేసు నిలబడింది కానీ ఆ లాయర్ల ఆఫీసు నన్ను మళ్లీ పిలవలేదు. పిలవకపోవడం న్యాయమే.

ఒక గదిలో గంటసేపు ఉంటే రెండో గదిలోవాళ్లు మనం అటువైపు మొగ్గామనుకుంటారు. వెళ్లేముందు ఎంతసేపు పడుతుందో చెప్పండి, దాటితే తలుపు తట్టి ఇంకో పావుగంటని చెప్పి రండి. ఊరికే కూర్చోబెట్టకుండా పని ఇవ్వండి: ట్రయల్ పూర్తయ్యేదాకా అయ్యే ఖర్చు ఒక కాగితం మీద వేయమనండి. లాయర్, కక్షిదారు కలిసి వేయాలి. తిరిగి వెళ్లేసరికి గదిలో వేడి కాస్త తగ్గి ఉంటుంది.

మీ అభిప్రాయం ఎప్పుడు చెప్పాలి

మీడియేటర్లలో రెండు ధోరణులున్నాయని లెనార్డ్ రిస్కిన్ అనే న్యాయశాస్త్ర ప్రొఫెసర్ 1990లలో విడదీసి చూపాడు. ఒకరు మాట్లాడుకునే దారి వేస్తారు, ఇంకొకరు కేసు బలాబలాలు తూచి చెబుతారు. మాజీ జడ్జిని పిలిచేవాళ్లకు సాధారణంగా రెండోదే కావాలి. "మీ ముందుకొస్తే ఏం చేసేవారు?" అని అడుగుతారు. ఫీజు ఇచ్చేదే అందుకు, మొహమాటం అక్కర్లేదు. కాబట్టి అసలు అభిప్రాయమే చెప్పకూడదనే మీడియేటర్లతో నేను ఏకీభవించను. కానీ నా అభిప్రాయానికి మూడు షరతులు పెట్టుకున్నాను: వాళ్లు అడగాలి, విడి గదిలో ఉండాలి, మధ్యాహ్నం దాటాలి. అన్నదమ్ముల కేసులో మూడూ తప్పాను.

మూడూ కుదిరినా ముందు ప్రశ్నలతోనే ప్రయత్నిస్తాను. వాది వందకు దావా వేశాడనుకోండి. "గెలిచే అవకాశం నూటికి ఎంత?" అని లాయర్ని అడుగుతాను. 60 అంటాడు. "గెలిస్తే మొత్తం వందా వస్తుందా?" "80 రావచ్చు." 80లో నూటికి 60 అంటే 48. ఇంకా పెట్టాల్సిన ఖర్చు 12 అనుకుంటే 36. అప్పీలు, ఆ తర్వాత డిక్రీ అమలుకు పట్టే ఏళ్లు ఇంకా లెక్కలోకి రాలేదు. ఈ అంకెలన్నీ ఆయన లాయర్ నోటినుంచి వచ్చినవే, నావి ఒక్కటీ లేవు. అవతల 45 ఇస్తామంటున్నారు. పెన్ను ఆయన చేతికే ఇచ్చి లెక్క వేయిస్తాను.

డిక్రీ వచ్చాక ఏం జరుగుతుందో చెప్పడంలో మాత్రం మనకు సాటి ఎవరూ లేరు. గెలిచినవాడు డబ్బు వసూలు కోసం మళ్లీ కోర్టు మెట్లెక్కడం ఏళ్ల తరబడి చూశాం. సాక్షి మాట మార్చడం చూశాం, కచ్చితంగా గెలుస్తామన్న కేసులు పోవడం చూశాం. అలాంటివి రెండు చెప్పండి. నీతి చెప్పకుండా ఆగిపోండి.

అంకెల దగ్గర

మొదట పలికిన అంకె మన బుర్రలో మేకులా దిగుతుంది. జడ్జీలం, మాకలా జరగదనుకుంటాం. 2001లో వెలువడిన ఒక అధ్యయనంలో గత్రీ, రాక్లిన్స్‌కీ, విస్ట్రిక్ అనే ముగ్గురు అమెరికాలో 167 మంది ఫెడరల్ మేజిస్ట్రేట్ జడ్జీలకు గాయాల పరిహారం కేసు ఒకటి ఇచ్చారు. కొందరికి మాత్రం, ఆ కోర్టు కేసు వినడానికి ఉండాల్సిన 75,000 డాలర్ల కనీస పరిమితిని నష్టం దాటదు కాబట్టి కేసు కొట్టేయాలన్న పిటిషన్ కూడా చూపించారు. దానికి కాలు లేదు, చెయ్యి లేదు. అయినా ఆ అంకె చూసినవాళ్లు వేసిన పరిహారం సగటున 29 శాతం తక్కువ వచ్చింది. అందుకే ఎవరైనా అడ్డగోలు అంకెతో మొదలుపెడితే నేను దాన్ని అంకెగా మోసుకెళ్లను. "ఇది ఎలా వచ్చిందో ఒక్క లైను చెప్పండి, అంకెతో పాటు అదీ తీసుకెళ్తాను" అంటాను. సగంమంది అక్కడే తగ్గిస్తారు.

చివర్లో ఇరుపక్షాలూ దగ్గరికొచ్చి ఆగిపోతే మీడియేటర్ ప్రతిపాదన ఒకటుంది. ఒక అంకె, షరతులు కాగితం మీద రాసి రెండు గదుల్లోనూ ఇవ్వాలి. జవాబు అవును లేదా కాదు, రహస్యంగా నాకే చెప్పాలి. ఇద్దరూ అవునంటేనే ఆ సంగతి బయటపడుతుంది. ఒకరు కాదంటే, అవునన్నది ఎవరో రెండోవారికి తెలియదు. రాసే అంకె న్యాయమైనది కానక్కర్లేదు, ఇద్దరూ ఒప్పుకోగలిగేది అయితే చాలు. జడ్జి మనసుకు ఇది మింగుడుపడదు. కేసుకు ఒక్కసారే వాడాలి, రెండోసారి రాస్తే మీది బేరం అయిపోతుంది.

ఆపేయాల్సిన సందర్భాలు

ఒకరు భయపడి ఒప్పుకుంటున్నారనిపిస్తే ఆపండి. కొట్టడం, బెదిరించడం ఉన్న కుటుంబ కేసుల్లో ముందే విడిగా అడిగి తెలుసుకోవాలి. ఆస్తి దాచి ఒప్పందం రాయించుకుంటున్నారని తెలిసినా ఆపాలి. కారణం చెప్పనక్కర్లేదు, "నేను కొనసాగించలేను" అంటే సరిపోతుంది.

కుదరకపోతే, అదే కేసుకు మిమ్మల్నే ఆర్బిట్రేటర్‌గా ఉండమని అడుగుతారు. ఖర్చు కలిసొస్తుందని వాళ్ల ఆలోచన. నేను ఒప్పుకోను. విడి గదిలో విన్నది విననట్టు ఉండగలనని నాకు నమ్మకం లేదు. పైన చెప్పిన గత్రీ, రాక్లిన్స్‌కీ, విస్ట్రిక్‌లే 2005లో వెలువరించిన ఇంకో అధ్యయనంలో, పట్టించుకోకూడదని తెలిసిన రాజీ బేరం అంకె కూడా జడ్జీల లెక్కను కదిలించిందని తేలింది.

ఫీజు గురించి రెండు ముక్కలు. ఇరుపక్షాలూ సమానంగా పంచుకోవాలి, గంటకో రోజుకో ముందే రాసి ఇవ్వాలి. కేసు కుదిరితే ఎక్కువ, కుదరకపోతే తక్కువ అనే ఏర్పాటు వద్దు. అమెరికాలో 2005లో సవరించిన మీడియేటర్ల ఆదర్శ ప్రవర్తనా సూత్రాలు కూడా ఇదే అంటాయి. పదేపదే కేసులిచ్చే పెద్ద కంపెనీ ఎదురైతే ఆ సంగతి రెండో పక్షానికి చెప్పేయండి.

కాగితం, ఆ తర్వాత

కుదిరిన రాత్రే రాయాలి. ఎంత అలసిపోయినా సరే, రేపు అన్న మాట వద్దు. ఎవరు, ఎంత, ఏ తారీఖులోగా, ఏ రూపంలో ఇవ్వాలి, తప్పితే ఏమవుతుంది, ఏ కేసులు ఎవరు ఉపసంహరించుకోవాలి అన్నీ అందులో ఉండాలి. రాయడం లాయర్ల చేతే చేయించండి. మీ చేతికి తీర్పు భాష అలవాటు, మీరు రాస్తే అది ఒప్పందంలా ఉండదు. "త్వరలో", "సహేతుకంగా" లాంటి మాటలు కనిపిస్తే తారీఖులూ అంకెలూ పెట్టించండి. రెండు దేశాలవాళ్ల వ్యాపార తగవైతే సింగపూర్ కన్వెన్షన్ వర్తిస్తుందేమో లాయర్లను చూడమనండి. 2019 ఆగస్టు 7న సంతకాలకు తెరిచిన ఆ ఒడంబడిక 2020 సెప్టెంబరు 12న అమల్లోకి వచ్చింది. దాంట్లో చేరిన దేశాల్లో ఇలాంటి ఒప్పందాన్ని నేరుగా అమలు చేయించుకోవచ్చు.

సంతకాలయ్యాక అందరూ వెళ్లిపోతారు. బల్ల మీద నా నోట్సు మిగులుతుంది, నీలం రాత, ఎర్రగీతలు. గదిలో విన్నది ఎవరికీ దొరకకూడదు కాబట్టి వాటిని ముక్కలు చేసేస్తాను. మొదటిసారి యంత్రంలో కాగితం పెట్టి మీట నొక్కడానికి చెయ్యి రాలేదు. 26 ఏళ్లు సాక్షి చెప్పిన ప్రతి మాటా రికార్డులో ఉండాలని పట్టుబట్టిన చెయ్యి మరి. కాసేపు అలాగే నిలబడి, ఎర్రగీతలున్న కాగితాలు ముందు వేశాను.